ఐదు నిమిషాల ఇరవై సెకన్లు

కరీంనగర్

బిడ్డా,

సద్దుల బతుకమ్మకు పుట్టింటికని మీ ఇంటికి వస్తే, నువ్వు చీకటి పడ్డంక చెమటతోని ఇంట్లకొచ్చినవు. అప్పటికే బతుకమ్మను చెరువుల వేసి వచ్చినం. నువ్వుల సద్ది చేతిల పెడితే చిటికెడు నోట్లేసుకొని మిగిలింది మీ అమ్మ పళ్లెంల పెట్టినవు. పండుగ పూట ఎందుకని ఊకున్న.

కానిస్టేబుల్ కొలువు కోసమే ఉరుకుతున్న అంటవు. 2022 నోటిఫికేషన్‌ల ఆడపిల్లలకు అడిగింది 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. నువ్వు ఆ టైం అందుకొని ఏడాదైంది. మరి పొద్దుగాల స్టేడియంల పన్నెండు రౌండ్లు, సాయంత్రం ఇంకో పన్నెండు ఎవరడిగిన్రు? ముప్పై ఏండ్లు పీఈటీగా పిల్లలను ఉరికించినదాన్ని, ఉరకొద్దని నేనెట్లంట? కానీ జ్వరమొచ్చినా ఆగలేకపోతున్నవు. ఒక్కపూట మానితే తప్పు చేసినదానిలెక్క ముఖం పెడుతున్నవు. ఇది కొలువు కోసం ఎట్లయితది?

నాలుగు నెలలసంది డేట్ వస్తలేదంటే, ‘ఆటలోళ్లకు మామూలే’ అన్నవట. కాదు బిడ్డా. తిన్నదంతా ఉరుకుడుకే అయిపోతే, ఒంట్ల మిగిలింది చాలదని మెదడు నెలసరిని బంద్ పెడతది. ఈస్ట్రోజెన్ పడిపోతది, ఎముక పలచబడతది. ఇట్ల ఒంట్ల శక్తి చాలని బాధ సన్నగున్నోళ్లకే వస్తదనుకోకు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014ల దీనికి కొత్త పేరు పెట్టి, మగపిల్లలకూ వస్తదని చెప్పింది.

మా కాలంల ఇవన్నీ ఎవరికి తెలుసు? కాలేజీల కబడ్డీ ఆడేటప్పుడు నాకు మోకాలి కింద ముందటి ఎముక మీద వేలు పెడితే ఒక్కకాడనే సూదిలెక్క పొడిచేది. బామ్ రాసుకొని ఆడిన. మూడు వారాలకు పగులు బయటపడ్డది. నీకూ అక్కడనే నొస్తుందని నీ తమ్ముడు చెప్పిండు. (వాణ్ని తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగిన.) ఇసొంటి పగులు మొదట్ల ఎక్స్‌రేల కనబడకపోవచ్చు. ‘ఏం లేదు’ అన్నరని మళ్ల ఉరకకు.

సోమవారం బస్సెక్కి రా. ఎముకల డాక్టరుకు, లేడీ డాక్టరుకు ఇద్దరికీ చూపిద్దాం. డేట్ సంగతి దాచకుండ చెప్పు. వాళ్లు సరే అనేదాక ఉరుకుడు బంద్, గ్రౌండు ఎటూ పోదు. నడవొచ్చంటే పొద్దుగాల ఇద్దరం మానేరు డ్యాం కట్ట మీదికి పోదాం. నాకు మోకాళ్లు, నీకు ఎముక, మెల్లగనే నడుస్తం. అడుగులు లెక్కపెట్టే ఆ వాచీ ఇంట్లనే పెట్టి రా.

మీ అమ్మ కట్టిచ్చిన నువ్వుల సద్ది డబ్బల ఇంక సగం ఉంది.

మీ మేనత్త