టర్బో కారు సైలెన్సర్ మార్చాలంటే

గోల్ఫ్ జీటీఐ, ఆక్టావియా ఆర్‌ఎస్ లాంటి దిగుమతి కార్లు కొన్నవాళ్లకు మొదటి సర్వీసు కాకముందే సైలెన్సర్ మీదికి మనసు పోతుంది. మార్చుకోవచ్చు, ఏ ముక్క మార్చాలో తెలిస్తే.

ముందు కారు కింద ఏముందో చూడండి. ఇంజిన్ వదిలే పొగ మొదట టర్బో చక్రాన్ని తిప్పి, డౌన్‌పైపులోకి వస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) ఉండేది అక్కడే. తర్వాత మధ్య పైపు, మోత తగ్గించే రెసొనేటర్, చివర మఫ్లర్. టర్బో వెనక ఒత్తిడి ఎంత తగ్గితే చక్రం అంత చురుగ్గా తిరుగుతుంది. "కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి భాయ్" అని గ్యారేజీలో చెబితే నవ్వి ఊరుకోండి, టర్బోకు ఆ లెక్క లేదు.

అసలు పవర్ డౌన్‌పైపు దగ్గరుంది. చిక్కూ అక్కడే. క్యాట్ తీసేస్తే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ పరీక్షలో కారు తప్పుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద పొగ, శబ్దం పరిమితి దాటితే మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించిన సంగతి తెలిసిందే. అందుకని కొత్తవాళ్లు క్యాట్‌ను ముట్టుకోకుండా దాని వెనక భాగమే మార్చాలి. వాహనంలో మార్పులకు సంబంధించి అదే చట్టంలో సెక్షన్ 52 ఉంది కాబట్టి దీనికి కూడా ఆర్టీవో ఆఫీసులో ముందే అడగండి.

రెండు లీటర్ల ఇంజిన్‌కు రెండున్నర నుంచి మూడు అంగుళాల పైపు చాలు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలైతే తుప్పు బెడద తక్కువ. వంపుల దగ్గర పైపు నొక్కుకుపోయి ఉంటే కొనకండి.

కారు పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందికి దూరవద్దు, లిఫ్టు కావాలి. బిగుసుకున్న బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టండి. రబ్బరు హ్యాంగర్లకు సబ్బునీళ్లు రాస్తే సులువుగా జారతాయి.

కొత్త గ్యాస్కెట్ వేసి, క్లాంపులన్నీ వదులుగా తగిలించండి. పైపు బంపర్‌కు ఎక్కడా తగలకుండా సరిచూసుకున్నాకే ముందు నుంచి వెనక్కి బిగిస్తూ రండి. తొందరపడి మొదటి క్లాంపును గట్టిగా బిగించేస్తే చివరి గొట్టం వంకరగా తేలుతుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి అతుకుల మీద సబ్బునీళ్లు చల్లండి. బుడగ వచ్చిన చోట లీకు ఉన్నట్టే.

లీకు లేదని తేలాక, హైదరాబాద్‌లో ఉంటే ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒకసారి వెళ్లిరండి. కారు చల్లారాక క్లాంపులు మళ్లీ బిగించండి, వేడికి అవి సడలుతాయి. తర్వాత శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పై గేరులో 2,000-2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా నడపండి. చెవుల్లో గుయ్‌మనే మోత ఆగకపోతే రెసొనేటర్ సరిపోలేదన్నమాట, పెద్దది వేయించాలి.

పాత సైలెన్సర్‌ను తుక్కుకు వేయకండి. వారంటీ పేచీ వచ్చినా, కారు అమ్మాల్సి వచ్చినా అదే కావాలి.