బల్ల మీద రైలు – బల్ల కింద లెక్క

రైలు అంటే ఇష్టం లేని పిల్లలు ఉండరు. ఆ రైలును చిన్నదిగా చేసి, పట్టాలు, స్టేషను, సిగ్నళ్లతో సహా ఒక బల్ల మీద నడిపించడాన్ని మోడల్ రైల్వే అంటారు. బల్ల మీది మొత్తం ఏర్పాటును లేఔట్ అంటారు. మన దేశంలో పూణేలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998లో ప్రారంభమైంది. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 2001లో మొదలైన మినియేచర్ వండర్‌లాండ్‌లో వెయ్యికి పైగా చిన్న రైళ్లు ఉన్నాయి.

మనం అలాంటివి కట్టలేం. నడిచే మంచి మోడల్ ఇంజిను ఒక్కటే వేల రూపాయలు పలుకుతుంది. కానీ ఈ విద్యలో డబ్బుతో కొనలేని భాగం ఒకటుంది. అది లెక్క, వైరింగ్. సైన్స్ ఫేర్‌కు నమూనాలు తీసుకువెళ్లే మన హాస్టల్ తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఆ భాగాన్ని ఇక్కడ వివరిస్తాను.

1. స్కేలు

ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్.ఓ. స్కేలు. దీని నిష్పత్తి 1:87. అంటే అసలు కొలత ఏదైనా 87తో భాగించాలి. 165 సెంటీమీటర్ల మనిషి 1.9 సెంటీమీటర్లు అవుతాడు. సుమారు 22.3 మీటర్ల పాత తరహా పెట్టె 25.6 సెంటీమీటర్లు అవుతుంది. అలాంటి పెట్టెలు 24 కలిపితే రైలు పొడవు 6 మీటర్లు దాటుతుంది! అందుకే ఇళ్లలో కట్టేవారు ఐదారు పెట్టెలతోనే సరిపెట్టుకుంటారు.

ఇక పట్టాల సంగతి. హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. కనుక బజారులో దొరికే హెచ్.ఓ. పట్టాల మీద మన ఎక్స్‌ప్రెస్ రైలును నిలబెడితే పట్టాలు కొంచెం ఇరుకైనట్టే. హైదరాబాద్ మెట్రో మాత్రం స్టాండర్డ్ గేజ్ కాబట్టి దానికి ఈ పట్టాలు సరిగ్గా సరిపోతాయి.

2. వేగం

కొలతను తగ్గించి వేగాన్ని మరచిపోవడం చాలామంది చేసే పొరపాటు. గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు 27.8 మీటర్లు. 87తో భాగిస్తే సెకనుకు 32 సెంటీమీటర్లు. 8 అడుగుల బల్లను ఆ రైలు 8 సెకన్లలోపే దాటిపోతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నడిపితే సుమారు 25 సెకన్లు పడుతుంది. నిదానంగా నడిచే రైలే చూసేవారికి నిజమైన రైలులా కనిపిస్తుంది.

3. కరెంటు

సాధారణ లేఔట్‌లో పట్టాలే తీగలు. ఒక పట్టా ప్లస్, రెండోది మైనస్. సుమారు 12 వోల్టుల డి.సి. కరెంటు చక్రాల ద్వారా మోటారుకు అందుతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే రైలు వెనక్కి నడుస్తుంది. పట్టాలను గుండ్రంగా తిప్పి మళ్లీ అదే దారిలో కలిపితే మాత్రం ప్లస్ పట్టా వెళ్లి మైనస్ పట్టాకు తగులుతుంది, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అక్కడ పట్టాలను కొద్దిగా కోసి, ఆ ముక్కకు వేరే స్విచ్చి పెట్టాలి.

4. ప్రదర్శన

ఇంట్లో నడిచిన రైలు ప్రదర్శనలో నడవకపోవచ్చు. అక్కడ రోజంతా నడవాలి. పైగా బల్లను ముక్కలుగా తీసుకువెళ్లి బోల్టులతో బిగించాలి. రెండు ముక్కలు కలిసేచోట పట్టా వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టె పడిపోతుంది. పట్టా మీద దుమ్ము చేరితే కరెంటు అందదు. అందువల్ల అనుభవజ్ఞులు తుడిచే గుడ్డ, అదనపు ఇంజిను దగ్గర ఉంచుకుంటారు. వెనుక తెర చాటున మరికొన్ని లైన్లు వేసి రైళ్లను సిద్ధంగా నిలుపుతారు. ఒక రైలు సొరంగంలోకి వెళ్లగానే మరొకటి బయటికి వస్తుంది. చూసేవారికి విసుగు కలగదు.

5. ఇంజిను లేని నమూనా

మనం చేయగలిగినది ఒకటి చెబుతాను. గేటు, సిగ్నల్ నమూనా. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు మూయనిదే రైలుకు సిగ్నల్ ఇవ్వడం సాధ్యం కాదు. దీన్ని అట్టపెట్టె మీద చేసి చూపవచ్చు.

కావలసినవి: 9 వోల్టుల బ్యాటరీ, ఎరుపు, ఆకుపచ్చ ఎల్.ఇ.డి. బల్బులు, 470 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, మూడు కాళ్ల స్విచ్చి, రెండు రాగి రేకులు, ఐస్‌క్రీం పుల్ల. స్విచ్చి స్టేషన్ మాస్టరు. దాని మధ్యకాలు బ్యాటరీకి, ఒక పక్క కాలు ఎరుపు బల్బుకు కలపాలి. రెండో పక్క కాలు నుంచి తీగ రాగి రేకుల మీదుగా ఆకుపచ్చ బల్బుకు వెళ్లాలి. గేటు పుల్ల కిందికి దిగినప్పుడే ఆ రేకులు ఒకదానికొకటి తగలాలి. ప్రతి బల్బుకూ ఒక రెసిస్టర్ వేసి, రెండో కొసను బ్యాటరీ రెండో వైపుకు కలపాలి. బల్బు పొడవు కాలు ప్లస్ వైపు ఉండాలి.

గేటు తెరిచి ఉంటే స్టేషన్ మాస్టరు ఎంత నొక్కినా ఆకుపచ్చ వెలగదు. అప్పుడు ఏ దీపమూ లేదు కదా, డ్రైవరు ఏం చేయాలి అని ఎవరైనా అడగవచ్చు. వెలగని సిగ్నల్‌ను ఆగమన్న సిగ్నల్‌గానే తీసుకోవాలని రైల్వే నియమం. ఈ ఒక్క జవాబుతో మీ నమూనా బొమ్మ కాదని తెలిసిపోతుంది.

6. బల్ల కింద ఉన్నవారు

అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1946లో విద్యార్థులు టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పెట్టుకున్నారు. యుద్ధకాలంలో తాత్కాలికంగా కట్టిన చెక్క భవనంలో వారి లేఔట్ చాలా ఏళ్లు నడిచింది. కొందరు పైన కొండలకు, ఇళ్లకు రంగులు వేసేవారు. మరికొందరు బల్ల కింద చేరి టెలిఫోన్ రిలేలతో స్విచ్చింగ్ వ్యవస్థను కట్టేవారు. ఆ క్లబ్బు సభ్యులు కొందరు తర్వాత కంప్యూటర్ల వైపు మళ్లారు. 1962లో వచ్చిన స్పేస్‌వార్ అనే తొలితరం కంప్యూటర్ ఆటను తయారు చేసిన స్టీవ్ రస్సెల్ బృందం ఈ క్లబ్బు నుంచి వచ్చిందే.

మన ప్రదర్శనల్లో ఒక అలవాటు ఉంది. చక్కగా ఇంగ్లీషు మాట్లాడేవాడిని ముందు నిలబెడతాం. వైర్లు కలిపినవాడు వెనకే ఉండిపోతాడు. అడిగిన రెండో ప్రశ్నకే ముందున్నవాడు తడబడతాడు. జవాబు తెలిసినవాడిని ఎవరూ అడగరు. ఈసారి వైర్లు కలిపిన చెయ్యే ముందుకు రావాలి. తెలుగులో చెప్పినా సరే, చేసినవాడు చెప్పిన మాటకు బలం ఉంటుంది.

అభ్యాసం

1. 550 మీటర్ల ప్లాట్‌ఫారం హెచ్.ఓ. స్కేలులో ఎంత? అది 8 అడుగుల బల్ల మీద పడుతుందా?
2. గంటకు 50 కిలోమీటర్ల రైలు అదే స్కేలులో సెకనుకు ఎంత దూరం నడవాలి?
3. మీ హాస్టల్ హాలును టేపుతో కొలిచి, 87తో భాగించి, అట్టతో కట్టండి.

జవాబులు: 1. సుమారు 6.3 మీటర్లు, పడదు. 2. సుమారు 16 సెంటీమీటర్లు. 3. టేపు పట్టుకుని మీరే చెప్పాలి.