ఇంటి షెడ్డులో గాలి గొట్టములు

రంగు చల్లుటకు, టైర్లకు గాలి నింపుటకు ఇంటి షెడ్డులో కంప్రెసరు పెట్టుకొనువారు కొందరు చౌకయని పి.వి.సి. పైపు బిగించుట కద్దు. నీటికి పనికివచ్చినది గాలికేల పనికిరాదని వారి తర్కము. నీరు దాదాపు కుదింపునకు లొంగదు. గొట్టము పగిలినచో కారిపోవును, అంతే. వాతావరణ పీడనమునకు 8 రెట్ల ఒత్తిడిలోనున్న గాలి అట్లుకాదు. ఒక్క పెట్టున విస్తరించి పెళుసైన ప్లాస్టిక్కును ముక్కలు చేసి కత్తులవలె విసరును. 1988లో అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రతా సంస్థ ఈ విషయమై హెచ్చరిక వెలువరించినది. జి.ఐ. గొట్టముగాని, రాగి గొట్టముగాని వాడవలెను. ఖరీదు ఎక్కువే, ఆసుపత్రి ఖర్చుకన్న తక్కువ.

ఇక తేమ సంగతి. కంప్రెసరులో వేడెక్కిన గాలి గొట్టములో చల్లారగా అందలి ఆవిరి నీరగును. మన కోస్తాలో వానకాలమున ఈ బాధ మరీ అధికము. కావున ప్రధాన గొట్టమును 100 అడుగులకు 1 అడుగు చొప్పున వాలుగా బిగించి, పల్లపు కొనయందు నీరు వదలు కుళాయి అమర్చవలెను. శాఖలను గొట్టము పైభాగము నుండి తీసి క్రిందికి వంచవలెను; అడుగునుండి తీసినచో ఆ నీరే రంగులో కలియును.

కంప్రెసరు అదురు గొట్టమునకు సోకకుండ నడుమ రబ్బరు హోసు ఉండవలెను. గాలి ఎక్కించిన పిమ్మట ప్రతి అతుకునకు సబ్బునీరు పూసి బుడగలు చూడవలెను.