పాత కాసెట్టులోని పాట

పెద్దల హరికథలు, భజనలు దాచిన కాసెట్టులను కంప్యూటరులోనికి ఎక్కింపగోరువారు ముందుగా టేపును చదువు హెడ్డును శుభ్రపరచి, దాని కోణమును సరిచేయింపవలెను. కోణము తప్పినచో తాళముల మెరుపు మాసిపోవును. పిమ్మట ఏ ఉపాయము చేసినను అది పూర్తిగా తిరిగి రాదు.

శబ్దమును సెకనుకు 48,000 నమూనాలకు తగ్గకుండ, 24 బిట్లతో, వేవ్ ఫైలుగా గ్రహింపుడు. ధ్వని భాండాగారముల అంతర్జాతీయ సంఘము సూచించిన కనీస ప్రమాణమిది. ఎం.పి.3 వినుటకే గాని దాచుటకు తగదు.

టేపు బుస చెవికి కష్టమే. అయినను మొదటి ప్రతిలో దానిని ముట్టరాదు. శుద్ధి చేయదలచినచో వేరొక ప్రతిపై చేయవలెను. మా తాతగారి కథాగానమును ఒకచోట శుద్ధి చేయించితిమి. బుసతోపాటు తంబుర శ్రుతియు మాయమైనది. మూలమైన కాసెట్టును అప్పటికే పారవేసియుంటిమి.