మాట్లాడే సర్క్యూట్ బ్రేకర్లు

ఆంధ్రదేశంలో పుట్టి పెరిగిన వారందరికీ "ఫ్యూజు పోయింది" అన్న మాట చిరపరిచితం. ఇల్లంతా ఒక్కసారిగా చీకటి కావడం, ఎవరో ఒకరు స్టూలు ఎక్కి కొవ్వొత్తి వెలుగులో పింగాణీ ఫ్యూజు ఊడదీసి కొత్త తీగ చుట్టడం చాలామంది బాల్యస్మృతులలో భాగం. ఆ సన్నని తీగ తాను కరిగిపోయి ఇంటిని కాపాడేది. కాని తాను ఎందుకు కరగవలసి వచ్చిందో చెప్పేది కాదు. హీటరు, ఇస్త్రీపెట్టె ఒకేసారి వాడడం వల్లనా, గోడలో తీగలు ఒకదానినొకటి తాకడం వల్లనా అన్నది ఇంటివారే ఊహించుకోవాలి. అమెరికాలోని ఇళ్లలో ఫ్యూజు స్థానాన్ని సర్క్యూట్ బ్రేకర్ ఆక్రమించింది. తీగ చుట్టే శ్రమ తప్పింది కాని, కారణం మాత్రం సాధారణంగా ఇప్పటికీ ఊహించుకోవలసిందే.

ఇంట్లో ఈ అజ్ఞానం వల్ల కలిగే నష్టం స్వల్పం. ఆసుపత్రిలో, రసాయన కర్మాగారంలో, కంప్యూటర్ కేంద్రంలో అది స్వల్పం కాదు. అందువల్లనే పెద్ద బ్రేకర్లకు ఆలోచించే శక్తిని, ఆ తరువాత మాట్లాడే శక్తిని కూడా ఇంజనీర్లు సమకూర్చారు. ఆ మాటలను చేరవేసే సమాచార జాలాన్ని, అంటే నెట్‌వర్క్‌ను, ఎలా అమర్చాలో, దానిని ఎంతవరకు నమ్మాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొలిచి నిర్ణయించే పెట్టె

ఇళ్లలోని చిన్న బ్రేకర్లో సాధారణంగా రెండు భాగాలు పనిచేస్తాయి. రెండు వేర్వేరు లోహాలను అతికించిన పట్టీ ఒకటి. విద్యుత్ప్రవాహం మితిమీరితే అది వేడెక్కి, వంగి, గడియను విడిపిస్తుంది. రెండవది విద్యుదయస్కాంతం, షార్ట్ సర్క్యూట్ సంభవించినప్పుడు అది క్షణంలో గడియను లాగివేస్తుంది. జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో హూగో స్టోట్జ్ సంస్థ ఈ రెండింటినీ ఒకే చిన్న పరికరంలో ఇమిడ్చి 1924లో పేటెంటు పొందింది. ఈ పద్ధతి నేటికీ నమ్మదగినదే. అయితే వంగే లోహానికి కొలతలు గుర్తుండవు.

వందల, వేల ఆంపియర్లను మోసే పెద్ద బ్రేకర్లలో ఈ పనిని ఎలెక్ట్రానిక్ ట్రిప్ యూనిట్ నిర్వహిస్తుంది. ప్రతి ఫేజు చుట్టూ ఒక కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ గాని, 1912లో వాల్టర్ రొగోవ్‌స్కీ వర్ణించిన తీగచుట్ట గాని ఉండి, ప్రవాహాన్ని చిన్న సంకేతంగా మారుస్తుంది. మైక్రోప్రాసెసర్ ఆ సంకేతాన్ని ఎడతెగకుండా కొలుస్తూ నాలుగు ప్రశ్నలు వేసుకుంటుంది. ప్రవాహం కొంచెం ఎక్కువగా, చాలాసేపటినుండి ఉన్నదా? ఇది అధికభారం. చాలా ఎక్కువగా ఉన్నదా? అయితే కింది బ్రేకర్‌కు అవకాశమిచ్చి, సెకనులో పదోవంతు నుండి నాలుగు పదోవంతుల వరకు ఆగవచ్చు. భరించరానంత ఎక్కువగా ఉన్నదా? ఇక ఆలస్యం కూడదు. ప్రవాహంలో కొంత భాగం దారి తప్పి భూమిలోకి పోతున్నదా? ఇది గ్రౌండ్ ఫాల్ట్. ఏ ప్రశ్నకైనా "అవును" అన్న సమాధానం నిర్ణీత కాలం నిలిస్తే గడియ విడిపోతుంది, బ్రేకర్ తెరుచుకుంటుంది.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఈ నిర్ణయానికి కావలసిన కొలత, ఆలోచన, బలం అన్నీ బ్రేకర్‌లోనే ఉన్నాయి. సాధారణంగా ఆలోచించడానికి కావలసిన శక్తిని సైతం ట్రిప్ యూనిట్ తాను కాపలాకాసే ప్రవాహం నుండే తీసుకుంటుంది. బయటివారి అనుమతి కోసం అది ఎదురుచూడదు.

కారణం తెలియడం వల్ల ప్రయోజనం

ఒక రసాయన కర్మాగారాన్ని ఊహించుకుందాం. అక్కడి పాత్రలో నైట్రేషన్ వంటి వేడి పుట్టించే చర్య జరుగుతున్నది. పాత్ర చుట్టూ చల్లని నీటిని తిప్పే పంపు 480 వోల్టుల బ్రేకర్ మీద ఆధారపడి ఉన్నది. బ్రేకర్ తెరుచుకున్నది, పంపు ఆగింది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చర్య వేగం పెరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ వేడి మరింత పుడుతుంది. కంట్రోలు గదిలోని ఆపరేటర్ చేతిలో ఉన్నవి కొన్ని నిమిషాలు మాత్రమే.

అధికభారం వల్ల బ్రేకర్ తెరుచుకొని ఉంటే, పంపుపై భారం తగ్గించి మళ్లీ ప్రారంభించే ఆలోచన చేయవచ్చు. షార్ట్ సర్క్యూట్ వల్ల అయితే, లోపం ఎక్కడున్నదో చూడకుండా బ్రేకర్‌ను మూయడం ఎదుటనున్న మనిషి ప్రాణానికే ప్రమాదం. అప్పుడు రెండవ పంపును ఆశ్రయించాలి, లేదా చర్యనే ఆపివేయాలి. సరైన మార్గం ఏదో తేల్చేది తెరుచుకున్న కారణమే. ఆ కారణం ట్రిప్ యూనిట్ జ్ఞాపకంలో ఉన్నది. అది కంట్రోలు గదికి వెంటనే చేరకపోతే, ఎవరో ఒకరు స్విచ్‌గేర్ గదికి పరుగెత్తి చిన్న తెర మీద చదువుకొని రావాలి.

చల్లదనం కోల్పోవడం ఎంత ప్రమాదకరమో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 2007 డిసెంబర్ 19న ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో చల్లార్చే ఏర్పాటు చాలక ఒక రసాయన చర్య అదుపు తప్పి, పాత్ర పేలి నలుగురు మరణించారు. అది బ్రేకర్ వల్ల జరిగినదని కాదు. అటువంటి చోట్ల నిమిషాల విలువ ఎంతటిదో ఆ ఘటన తెలుపుతుంది.

హాజరు పిలిచే భాష

బ్రేకర్లు మాట్లాడే భాషలలో మిక్కిలి ప్రచారంలో ఉన్నది మోడ్‌బస్. మోడికాన్ సంస్థ తన పారిశ్రామిక నియంత్రణ యంత్రాల కోసం 1979లో దీనిని ప్రకటించింది. ఈ భాష నడిచే తీగలకు ఆర్‌ఎస్-485 అన్న 1983 నాటి ప్రమాణం ఆధారం. మెలివేసిన రెండు తీగల మధ్య ఉండే వోల్టేజి భేదమే ఇందులో సంకేతం. బయటి విద్యుత్ కల్లోలం రెండు తీగలనూ దాదాపు సమానంగా తాకుతుంది కనుక, భేదం పెద్దగా చెడదు. ఇటువంటి తీగను తక్కువ వేగాల వద్ద సుమారు 1200 మీటర్ల దూరం వరకు వాడవచ్చు.

మోడ్‌బస్ పద్ధతి బడిలో హాజరు పిలవడం వంటిది. ఉపాధ్యాయుడు ఒక్కడే పిలుస్తాడు. పేరు వినిపించిన విద్యార్థి మాత్రమే పలుకుతాడు. పిలవకుండా ఎవరూ మాట్లాడరాదు. ప్రతి బ్రేకర్‌కు 1 నుండి 247 వరకు గల సంఖ్యలలో ఒకటి చిరునామా. "5వ బ్రేకర్, ఫలానా గడి నుండి పది గడులు చదువు" అని కంప్యూటర్ అడుగుతుంది. రిజిస్టర్ అనబడే ఒక్కొక్క గడిలో 0 నుండి 65,535 వరకు ఏదైనా ఒక సంఖ్య ఇముడుతుంది. సందేశం చివర సరిచూసుకోవడానికి ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. అది సరిపోలకపోతే సందేశాన్ని విడిచిపెట్టాలి.

అమర్చే క్రమం

మొదట విద్యుత్ సరఫరా సంగతి చూడాలి. ట్రిప్ యూనిట్ తన రక్షణ ధర్మాన్ని ప్రవాహం నుండి పొందిన శక్తితో నిర్వహించినా, సమాచార భాగానికి సాధారణంగా వేరుగా 24 వోల్టుల డీసీ సరఫరా కావాలి. ఆ సరఫరాను అదే బ్రేకర్ కిందినుండి తీసుకోవడం తరచు జరిగే పొరపాటు. అప్పుడు బ్రేకర్ తెరుచుకున్న మరుక్షణమే నోరు మూతపడుతుంది. అవసరమైన సమయంలోనే వార్త అందదు. కనుక ఈ సరఫరాకు బ్యాటరీ అండ ఉండాలి.

రెండవది తీగ నడక. పూసలదండలో దారం వలె తీగ ఒక బ్రేకర్ నుండి మరొక బ్రేకర్‌కు వరుసగా సాగాలి. నక్షత్రం వలె నలుదిక్కులకు చీలరాదు. చీలిన కొమ్మల చివరల నుండి సంకేతం ప్రతిధ్వనిస్తుంది. ఆ ప్రతిధ్వనిని అణచడానికి దండకు రెండు చివరలా 120 ఓముల నిరోధం ఒక్కొక్కటి అమర్చాలి, మధ్యలో అమర్చరాదు. సరఫరా ఆపి, రెండు తీగల మధ్య నిరోధాన్ని మీటరుతో కొలిస్తే సుమారు 60 ఓములు కనబడాలి. 120 కనబడితే ఒక చివర నిరోధం లేదు; 40 కనబడితే ఎవరో మూడవది చేర్చారు. తీగపై ఉన్న లోహపు తొడుగును ఒకే చోట భూమికి కలపాలి. తీగల పేర్లను ఎ, బి అని కొందరు తయారీదారులు ఒక విధంగా, కొందరు తారుమారుగా రాస్తారు. ఏ బ్రేకరూ పలకనప్పుడు రెండు తీగలను మార్చి చూడడం సమంజసం.

మూడవది చిరునామా. కొత్త యూనిట్లన్నీ కర్మాగారం నుండి ఒకే చిరునామాతో రావచ్చు. అన్నింటినీ ఒకేసారి కలిపితే ఒక పిలుపుకు పదిమంది పలికినట్లు అయి, ఏదీ అర్థం కాదు. ఒక్కొక్క దానిని విడిగా కలిపి, చిరునామా ఇచ్చి, ఆ సంఖ్యను తలుపు మీద, చిత్రపటం మీద రాసిన తరువాతనే రెండవదానికి పోవాలి. వేగం, పారిటీ అన్నింటిలోనూ ఒకటే ఉండాలి. ప్రమాణం సూచించేది సెకనుకు 19,200 బిట్లు, సరి పారిటీ.

నాలుగవది అర్థం. పనిచేయని జాలం కన్న తప్పుగా పనిచేసే జాలమే ప్రమాదకరం. పుస్తకంలో 40001 అని రాసిన గడికి తీగ మీద పంపవలసిన సంఖ్య 0. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ ఒక్కటిని తామే తీసివేస్తాయి, కొన్ని తీసివేయవు. ఫలితంగా ఎ ఫేజు గడిని అడిగితే బి ఫేజు ప్రవాహం రావచ్చు. రెండూ దాదాపు సమానంగా ఉంటాయి కనుక తప్పు ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. పెద్ద సంఖ్యలను రెండు గడులలో దాచినప్పుడు వాటి వరుస తారుమారైతే, ఒక లక్ష యూనిట్ల విద్యుత్తు 225 కోట్ల 86 లక్షల 32 వేల 705 యూనిట్లుగా కనబడుతుంది. ఈ తప్పు నవ్వు తెప్పిస్తుంది కనుక వెంటనే దొరుకుతుంది. మొదటిది నవ్వు తెప్పించదు. కనుక ప్రతి ఫేజు ప్రవాహాన్ని, తగిన శిక్షణ, రక్షణ దుస్తులు గల ఎలక్ట్రీషియన్ చేత వేరొక మీటరుతో కొలిపించి, తెర మీది అంకెతో పోల్చాలి. పరీక్షా పరికరంతో బ్రేకర్‌ను తెరిపించి, సరైన కారణమే కంట్రోలు గదికి చేరుతున్నదో లేదో చూడాలి.

ఐదవది కాలం. కంప్యూటర్ ఏ వరుసలో అడిగితే ఆ వరుసలో వార్తలు వస్తాయి. ఘటనలు జరిగిన వరుస అది కాకపోవచ్చు. ఏ బ్రేకర్ ముందు తెరుచుకున్నదో తేలాలంటే యూనిట్ల గడియారాలన్నీ ఒకటిగా నడవాలి.

రక్షణకు జాలం ఆధారం కారాదు

ఇన్ని విషయాలు తెలిపే జాలానికే రక్షణ బాధ్యత కూడా అప్పగించవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. చిన్న లెక్క ఒకటి దీనికి సమాధానం చెబుతుంది. పది గడులు అడిగే ప్రశ్నలో 8 అక్షరాలు, సమాధానంలో 25 అక్షరాలు ఉంటాయి. అక్షరానికి 11 బిట్లు చొప్పున 19,200 వేగంతో ఈ 33 అక్షరాలకు సుమారు 19 మిల్లీసెకన్లు పడుతుంది. సందేశాల మధ్య పాటించవలసిన మౌనానికి మరో 4, బ్రేకర్ ఆలోచనకు 30 మిల్లీసెకన్లు అనుకొంటే, ఒక్కొక్క బ్రేకర్‌కు 50 పైచిలుకు. తొమ్మిది బ్రేకర్లున్న దండలో వంతు తిరిగి రావడానికి అర సెకను పడుతుంది. ఒక యూనిట్ చెడి సమాధానం ఇవ్వకపోతే, దాని కోసం ఎదురుచూసే కాలం అదనం.

అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులు తిరుగుతుంది. పెద్ద షార్ట్ సర్క్యూట్‌ను బ్రేకర్ తనంతట తాను సుమారు మూడు ఆవృత్తులలో, అంటే 50 మిల్లీసెకన్లలో తెంచివేయగలదు. అర సెకనులో 30 ఆవృత్తులు గడిచిపోతాయి. విద్యుత్ ఆర్క్ వెదజల్లే శక్తి కాలంతోపాటు పెరుగుతుంది కనుక, దాదాపు పదింతల కాలం అంటే దాదాపు పదింతల దహనశక్తి. పై బ్రేకర్, కింది బ్రేకర్ క్షణాలలో సంప్రదించుకోవలసిన చోట సైతం, అందుకు ప్రత్యేకించిన తీగలనే వాడే పద్ధతి ఇందువల్లనే వచ్చింది. జాలం తెలియజేస్తుంది, కాపాడేది బ్రేకరే. జాలం తెగిపోయినా రక్షణ చెక్కుచెదరకుండా ఉన్నదని పరీక్షించి చూసిన తరువాతనే అమరిక పూర్తి అయినట్లు.

చదవడం వేరు, ఆజ్ఞాపించడం వేరు

గడులను చదివే మోడ్‌బస్ వాటిలో రాయగలదు కూడా. యూనిట్ అనుమతిస్తే రక్షణ పరిమితులను మార్చగలదు. తగిన యంత్రాంగం ఉంటే బ్రేకర్‌ను తెరవగలదు, మూయగలదు. ఆజ్ఞ ఇచ్చినది ఎవరు అని అడిగే ఏర్పాటు 1979 నాటి ఈ భాషలో లేదు. భద్రత చేర్చిన కొత్త రూపాన్ని 2018లో ప్రకటించినా, పాత పరికరాలకు ఆ రక్షణ దానంతట అదే రాదు.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి చొరబడినవారు దూరం నుండే సబ్‌స్టేషన్ల బ్రేకర్లను తెరిచారు. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు విద్యుత్తు నిలిచిపోయింది. పాత తీగలను ఈథర్‌నెట్‌కు కలిపే పరికరాలను కూడా వారు పాడుచేయడంతో దూరం నుండి సరిదిద్దే మార్గం మూసుకుపోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు స్వయంగా వెళ్లి, చేతులతో బ్రేకర్లను మూసి, కొన్ని గంటలలో సరఫరాను పునరుద్ధరించారు.

కనుక చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వడం మేలు. దూరం నుండి పరిమితులు మార్చే సౌకర్యాన్ని యూనిట్ వద్దనే మూసివేయాలి. బ్రేకర్‌ను దూరం నుండి మూయవలసిన అవసరం నిజంగా ఉంటే, ఆ అధికారాన్ని రద్దుచేసే స్విచ్ బ్రేకర్ పక్కనే ఉండాలి. యంత్రం మీద పనిచేసే కార్మికుడు దానిని తిప్పి, తాళం వేసి, తన పేరు రాసిన చీటీ కట్టుకొన్న తరువాత ఏ కంప్యూటరూ దానిని కాదనలేని విధంగా తీగలను కలపాలి. ఈ జాలాన్ని కార్యాలయపు జాలంతోను, ఇంటర్నెట్‌తోను నేరుగా కలపరాదు.

పింగాణీ ఫ్యూజులోని తీగకు మాట రాదు. అయినా తన పని తాను చేసేది. ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగేది కాదు. నేటి బ్రేకర్‌కు మాట వచ్చింది. ఆ మాట నిజమైనదిగా, సమయానికి అందేదిగా ఉండేటట్లు చూడడం అమర్చేవారి బాధ్యత. ఆ మాట కోసం పాత తీగకున్న స్వతంత్రాన్ని పోగొట్టకుండా చూడడం అంతకన్న పెద్ద బాధ్యత.