అమ్మ కంచం ఎక్కడ?

సెలవుల్లో బళ్లోనో గ్రంథాలయంలోనో పిల్లలకు బొమ్మలు, నాటకం, పాటలతో ఆరోగ్యం మీద వర్క్‌షాప్ పెడుతున్నామంటే, చాలా ఇళ్లలో ముందుగా వచ్చే మాట "దాంతో మార్కులొస్తాయా?" అని. ఆ మాట వెనక పిల్లల భవిష్యత్తు గురించిన బెంగ ఉంది. ఆ బెంగను గౌరవిస్తూనే, పంపండి అని మిమ్మల్ని అడుగుతున్నాను.

ఎందుకో చెబుతాను. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో 31 మందికి. నెలసరిలో ఇనుము పోవడం ఒక కారణం. మిగతా కారణాలు బతుకులో ఉన్నాయి. గుడ్డు, పప్పు, ఆకుకూర ఎవరి కంచంలో ఎంత పడుతున్నాయి, ఆఖరున ఎవరు తింటున్నారు, మరుగుదొడ్డి లేని చోట చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల కడుపులో పురుగులు ఎలా చేరుతున్నాయి, ఇవన్నీ కలిసి ఒక పిల్లను నీరసపరుస్తాయి. ఇది పాఠంగా చెబితే పరీక్షలో రాసి మరిచిపోతారు. తామే బొమ్మగా గీసి, నాటకంగా ఆడితే చాలాకాలం గుర్తుంటుంది.

అలాంటి వర్క్‌షాపులో ఏం చేయిస్తారో తెలిస్తే మీకూ ధైర్యంగా ఉంటుంది. ఒక పద్ధతిలో పెద్ద కాగితం మీద పడుకున్న మనిషి చుట్టూ గీత గీసి, ఆ ఆకారంలో నొప్పి ఎక్కడ, బలం ఎక్కడ అని రంగులు నింపుతారు. 2002లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హెచ్‌ఐవీతో బతుకుతున్న మహిళలు ఇలాగే తమ కథలు చెప్పుకున్నారు. ఇంకో పద్ధతి బ్రెజిల్‌కు చెందిన అగస్తో బోల్ రూపొందించిన నాటకం. అందులో అన్యాయం జరిగే చోట ప్రేక్షకుల్లోంచి ఒకరు లేచి వచ్చి, "నేనైతే ఇలా చేస్తాను" అని ఆడి చూపిస్తారు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో మొదలైన జనసంస్కృతి బృందం పల్లెల్లో ఇదే పని చేస్తోంది. మనకూ ఇది కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడు కథ చెబుతుంటే ఒక వంత నవ్విస్తాడు, రెండో వంత ఇప్పటి లోకం సంగతులెత్తి "ఎందుకిలా?" అని అడుగుతాడు. పిల్లలకు ఆ రెండో వంత స్థానం ఇవ్వడమే ఇక్కడ జరిగేది.

పంపే ముందు నిర్వాహకులను కొన్ని సంగతులు అడగండి. ఆడపిల్లల దగ్గర ఒక మహిళా టీచరైనా ఉంటారా? పిల్లలు తమ సొంత జబ్బు సంగతి చెప్పి తీరాలా, లేక ఒక పాత్ర పేరు మీద చెప్పుకోవచ్చా? ఇష్టం లేకపోతే ఊరుకునే హక్కు ఉందా? ఫోటోలు, బొమ్మలు బయట పెట్టే ముందు పిల్లల్ని, మిమ్మల్ని అడుగుతారా? వీటికి సూటిగా సమాధానం చెప్పేవాళ్ల దగ్గరికి నిశ్చింతగా పంపవచ్చు.

ఇంటికొచ్చాక "ప్రైజొచ్చిందా?" అని అడగకండి. "మీ నాటకంలో ఎవరికి ఏమైంది? అప్పుడు నువ్వేం చేశావు?" అని అడగండి. ఓపిగ్గా వినండి. ఒకరోజు మీ అమ్మాయి ఇంటిల్లిపాదీ తింటున్న బొమ్మ గీసుకొచ్చి, "ఇందులో అమ్మ కంచం ఎక్కడ పెట్టాలి నాన్నా?" అని అడగవచ్చు. కసురుకోకండి, నవ్వి తోసేయకండి. పెద్దవాళ్లను తప్పుపట్టాలని కాదు, తన కంటికి కనబడింది కాబట్టి అడిగింది. మీ అబ్బాయి అడిగితే మరీ సంతోషించండి. చెల్లెలి కంచం చూసే అన్నలు మనకు ఎంతమంది ఉంటే అంత మేలు.

బొమ్మ మందు కాదన్న సంగతీ గుర్తుంచుకోండి. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం ఉన్నాయని తెలిస్తే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బళ్లో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను అన్నం తిన్నాకే వేసుకోమనండి, కడుపులో వికారం తగ్గుతుంది. భోజనం మీద టీ తాగనివ్వకండి, ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ, జామకాయ లాంటివి తోడైతే బాగా పడుతుంది.

కొన్ని ప్రశ్నలకు మాత్రం ఇంట్లో జవాబు దొరకదు. బడి మరుగుదొడ్డికి తాళం వేసి ఉందని, అందుకే ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేశారని నాటకంలో బయటపడితే, చప్పట్లు కొట్టి ఇంటికి రాకండి. బడి యాజమాన్య కమిటీ సమావేశానికి నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లి ఆ మాట ఎత్తండి. అడగడం పిల్లల వంతు, జవాబు తేవడం మన వంతు. అడిగినా ఏమీ మారదని ఈ వయసులో తెలుసుకున్న పిల్లలు, పెద్దయ్యాక అడగడమే మానేస్తారు.

వర్క్‌షాప్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ రాత్రి అన్నం వడ్డించేటప్పుడు అమ్మ కంచం కూడా అందరితో పాటే పెట్టండి. ఆ కంచం పిల్లల చేతే పెట్టించండి.