గోనె

అనంతపురం జిల్లాలో శనక్కాయ పంట ఇంటికి వచ్చే రోజుల్లో రైతులు ఒకరినొకరు క్వింటాళ్ల లెక్క అడగరు. "ఎన్ని మూటలైనాయి?" అని అడుగుతారు. మూట అంటే అక్కడ గోనెసంచి నిండా కాయలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే ఆ మెట్టనేలలో, అదీ అదను తప్పిన సంవత్సరం, గోనెలు ఖాళీగా మిగిలిపోతాయి. అప్పుడు వాటిలోనే బట్టలు, గిన్నెలు, కొద్దిపాటి రాగులు కుక్కి, మూతి బిగించి, కుటుంబాలు బెంగుళూరు బస్సెక్కుతాయి. పంటకు కొలతగా ఉండవలసిన వస్తువు వలసకు సామానవుతుంది.

ఈ 'గోనె' ఇంగ్లీషు 'గన్నీ' నుంచి వచ్చిందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. నిజం దీనికి తలకిందులు. ఆ మాటను మన దేశంలో వ్యాపారం చేసిన ఆంగ్లేయులు ఇక్కడివారి నోట విని తీసుకున్నారు. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు కూడా దీని మూలం సంస్కృత 'గోణీ' శబ్దమనే చెప్పింది.

గోణీ శబ్దం ఎంత పాతదో తెలుసుకోవాలంటే పాణిని వద్దకు వెళ్లాలి. 'ఆవపనం' అనే అర్థంలో 'గోణీ' అనే రూపం ఏర్పడుతుందని ఆయన అష్టాధ్యాయిలో (4-1-42) విధించాడు. ఆవపనమంటే ధాన్యం వంటివి పోసి ఉంచేది. ఆ అర్థం లేనిచోట 'గోణా' అవుతుందని కాశికావృత్తి వివరించింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పతంజలి మహాభాష్యం ఆరంభంలో, ఆవును తెలిపే 'గౌః' అనే సాధుశబ్దానికి లోకంలో వినిపించే అపభ్రంశాలను చెబుతూ వాటిలో 'గోణీ'ని కూడా చేర్చాడు. రూపమొకటే, మాటలు రెండు. సంచి అనే అర్థంలో సాధువైనది ఆవు అనే అర్థంలో అసాధువు. ఈ పోలికను పట్టుకొని గోనెకు గోవుతో చుట్టరికం కలపడం సులభమే గాని, నాకది రుచించదు. ధ్వని కలిసినంత మాత్రాన బంధుత్వం కలవదు. రంగనాథ రామాయణ కర్త గోన బుద్ధారెడ్డి ఇంటిపేరు విని గోనెసంచులను తలచుకొనేవారికీ ఇదే జవాబు.

గోణిలోని ణకారం తెలుగులో నకారమైంది. తమిళుల 'కణ్' మనకు కన్ను, 'మణ్' మన్ను అయినట్లే ఇది కూడా. కన్నడంలో మాత్రం ణకారం చెక్కుచెదరలేదు. అనంతపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే గోనెసంచి 'గోణిచీల' అవుతుంది.

తెలుగులో గోనె సంచికే కాక ఆ ముతక గుడ్డకు కూడా పేరు. తెలుగు బైబిలులో దుఃఖించేవారు నడుమునకు చుట్టుకొనేది గోనెపట్ట. పూర్వం ఈ గుడ్డను జనుము నారతో నేసేవారు. కలకత్తా సమీపాన రిష్రాలో 1855లో తొలి జూట్ మిల్లు వెలసిన తరువాత బెంగాలు జూటు ఆ స్థానాన్ని ఆక్రమించింది. జనుము వేరు, జూటు వేరు. అయినా మనం జూటును 'జనపనార' అనే పిలుస్తున్నాము. మొక్క మారినా పాత పేరు దాన్ని వదలలేదు.

రహదారులు లేని కాలంలో ఈ సంచులు ఎద్దుల వీపుల మీద ప్రయాణం చేశాయి. వీపునకు ఇరువైపులా వేలాడే జంటసంచిని కంట్లమన్నారు, పెరిక అన్నారు. పెరిక కులంవారు ఉప్పు, ధాన్యం ఎద్దులపై మోసేవారని, గోనెలు కూడా నేసేవారని 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ నమోదు చేశాడు. నేసినవారూ మోసినవారూ ఒకరే కావడం వల్ల గుడ్డ, సంచి, బరువు అనే మూడర్థాల మధ్య దూరం లేకపోయింది.

నేడు కళ్యాణదుర్గం బస్టాండులో కనిపించే మూటల్లో చాలావరకు యూరియా వచ్చిన ప్లాస్టిక్ సంచులే. వాటిలో నారపోగు ఒక్కటీ ఉండదు. వాటిని ఎత్తి బస్సు పైకి అందించేవారు మాత్రం "ఆ గోనెసంచి జాగ్రత్తగా పట్టుకో అన్నా" అనే అంటారు.